తీరిక వేళ: పట్టా వేరు, కొలత వేరు



ఈ మధ్య ఈ శీర్షికకి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. "పిల్లవాడికి చిన్న చిన్న రైలింజన్లు పోగుచేసే అలవాటు చేశాం. అన్నీ ఒకే పట్టా మీద నడుస్తున్నాయి. కాని పక్కపక్కన పెడితే ఒకటి ఏనుగులా, ఇంకొకటి గున్నలా కనిపిస్తోంది. కారణం ఏమిటి?" అని ఒకరు అడిగారు. "మా తమ్ముడు అమెరికా నుంచి తెచ్చిన ఇంజను మా దగ్గరున్న జర్మనీ పట్టాల మీద కదలదేం?" అని రెండోవారు. "మన ఇండియన్ రైల్వే ఇంజను ఏ సైజులో తీసుకుంటే మంచిది?" అని మూడోవారు. మూడు ప్రశ్నలకీ మూలం ఒక్కటే కనుక ఈ నెల దాన్ని గురించే ముచ్చటించుకుందాం. స్టెన్సిల్ మీద బొమ్మలు గీయడం కష్టం. అందుచేత అంకెలతోనే సరిపెడతాను. ఒక స్కేలు బద్దా, ఒక పెన్సిలూ దగ్గర పెట్టుకుని చదవండి.

బహ్లాలో వుండే మనకి ఇది వట్టి సరదా విషయం కాదు. ఒమాన్ లో ప్రయాణీకుల రైలు లేదు. సోహార్ ని అబూధాబీతో కలిపే రైలు మార్గం పనులు 2024లో మొదలయ్యాయి. అది పూర్తయినా బహ్లా దరిదాపులకి రాదు. ఇక్కడ పుట్టి పెరిగే మన పిల్లలకి కోట తెలుసు, కుండల బట్టీ తెలుసు, ఫలజ్ కాలవ తెలుసు. రైలు మాత్రం సెలవులకి ఇండియా వెళ్లినప్పుడు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. ఈ రోజుల్లో ఆ సెలవుల్లోనూ విమానం దిగి కారెక్కేవాళ్లే ఎక్కువ. కనుక మన ఇళ్లల్లో బల్ల మీద తిరిగే ఆ చిన్న ఇంజనే చాలామంది పిల్లలకి మొదటి రైలు. పెట్టె ఎంత ఎత్తు, మనిషి ఎంత, తలుపు ఎంత, పట్టాల మధ్య ఎడం ఎంత అన్నది వాళ్ల మనసులో మొదట పడేది దాన్ని చూసే. ఆ కొలత సరిగా వుండాలని కోరుకోవడంలో అతి ఏమీ లేదు.

మన బొమ్మల కొలువులో ఈ పట్టింపు లేదు. సంక్రాంతికి మెట్ల మీద కొండపల్లి బొమ్మలు పేరుస్తాం. గీత కార్మికుడు ఎక్కే తాటిచెట్టు పక్కనున్న ఏనుగు అంబారీకి మోకాలి దాకా వస్తుంది. రాములవారి పక్కన ఏటికొప్పాక లక్కపిడత ఆయన నడుమంత వుంటుంది. ఎవరూ తప్పు పట్టరు. కొలువులో బొమ్మకి విలువ దాని అందాన్ని బట్టీ, అది ఇంటికి వచ్చిన కథను బట్టీ వుంటుంది. నమూనా ఇంజన్ల సంగతి అలా కాదు. అక్కడ ప్రతి బొమ్మా "నేను ఫలానా ఇంజనులో ఇన్నో వంతుని" అని మాట ఇస్తుంది. ఆ మాట నిలబెట్టుకుందా లేదా అన్నదే దాని విలువ. కొలువు పేర్చే పద్ధతిలో ఇంజన్లు కొంటూ పోతే మిగిలేది కొలువే, రైల్వే కాదు.

ఇంతకీ ఆ మాటలో రెండు భాగాలున్నాయి. ఒకటి స్కేలు, అంటే అసలు వస్తువుని ఎన్నో వంతుకి తగ్గించారన్నది. రెండోది గేజి, అంటే రెండు పట్టాల లోపలి అంచుల మధ్య దూరం. పట్టా ఇంజనుకి సరిపోయిందంటే గేజి కలిసిందని మాత్రమే అర్థం. స్కేలు కలిసిందని కాదు. మొదటి ఉత్తరం రాసిన వారి ఇంట్లో జరిగింది ఇదే.

మార్కెట్లో తరచుగా కనిపించే రకాలు ఇవి:

జి: 22.5వ వంతు, పట్టా 45 మి.మీ.
ఓ: బ్రిటన్ లో 43.5వ వంతు, యూరప్ లో 45వ వంతు, అమెరికాలో 48వ వంతు, పట్టా 32 మి.మీ.
ఓ.ఓ.: 76.2వ వంతు, పట్టా 16.5 మి.మీ.
హెచ్.ఓ.: 87వ వంతు, పట్టా 16.5 మి.మీ.
టి.టి.: 120వ వంతు, పట్టా 12 మి.మీ.
ఎన్: 160వ వంతు, పట్టా 9 మి.మీ.
జెడ్: 220వ వంతు, పట్టా 6.5 మి.మీ.

ఈ పట్టికని కొంచెం నిదానంగా చూడండి. ఓ.ఓ.కీ, హెచ్.ఓ.కీ పట్టా ఒక్కటే, స్కేలు వేరు. దీని వెనక చిన్న చరిత్ర వుంది. ఓ సైజులో బ్రిటిష్ వాళ్లు అసలు అడుగుకి నమూనాలో 7 మిల్లీమీటర్లు లెక్క కట్టారు. అందులో సగం చేస్తే అడుగుకి మూడున్నర మిల్లీమీటర్లు. సగం ఓ కనుక దానికి హెచ్.ఓ. అని పేరు వచ్చింది. యూరప్, అమెరికా ఇంజన్లు దిట్టమైనవి కనుక వాటి నమూనాలకి ఈ కొలత సరిపోయింది. బ్రిటన్ లో సొరంగాలూ, వంతెనలూ ఇరుకు, ఇంజన్లు సన్నం. అడుగుకి మూడున్నర చొప్పున తగ్గిస్తే ఆ రోజుల్లో దొరికే విద్యుత్ మోటారు లోపల పట్టలేదు. అప్పుడు వాళ్లు పట్టాని అలాగే వుంచి ఒళ్లు మాత్రం అడుగుకి 4 మి.మీ. చొప్పున పెంచారు. 1938లో హార్న్ బీ డబ్లో రైళ్లు వచ్చాక బ్రిటన్ లో ఆ పద్ధతే స్థిరపడింది. అసలు పట్టాల మధ్య 1435 మి.మీ. వుండాలి. ఓ.ఓ. పట్టా వెడల్పుని 76.2తో హెచ్చిస్తే 1257 మాత్రమే వస్తుంది. అంటే బ్రిటిష్ నమూనా ఇంజన్లన్నీ జానెడు ఇరుకు పట్టాల మీద నడుస్తున్నాయన్న మాట. ఎనభై ఏళ్లు దాటినా ఆ రాజీ అలాగే సాగుతోంది.

ఎన్ సైజులోనూ తిరకాసు వుంది. జర్మన్, అమెరికన్ నమూనాలు 160వ వంతు. బ్రిటిష్ వి 148వ వంతు. జపాన్ వి 150వ వంతు, కాని వాళ్ల షింకన్సెన్ మాత్రం మళ్లీ 160వ వంతు. అన్నిటికీ పట్టా 9 మిల్లీమీటర్లే. ఎన్ అన్న అక్షరం వచ్చింది కూడా ఆ తొమ్మిది నుంచే. ఇంగ్లీషులో నైన్, జర్మన్ లో నోయిన్, ఫ్రెంచిలో నఫ్, ఇటాలియన్ లో నోవే, అన్నీ ఆ అక్షరంతోనే మొదలవుతాయి. మనవాళ్లు కనిపెట్టి వుంటే "త" సైజు అనేవారేమో!

టి.టి. సంగతి ఇంకా చిత్రం. 1957లో బ్రిటన్ లో ట్రయాంగ్ కంపెనీ ఆ పేరుతో అమ్మినవి అడుగుకి 3 మి.మీ., అంటే 101.6వ వంతు. యూరప్ టి.టి. 120వ వంతు. 2022లో హార్న్ బీ కంపెనీ టి.టి. మొదలుపెట్టినప్పుడు 120వ వంతునే తీసుకుంది. పాత డబ్బా మీదా, కొత్త డబ్బా మీదా అవే రెండు అక్షరాలు. లోపలి వస్తువులు మాత్రం ఒకదానికొకటి చుట్టాలు కావు.

అందుచేత సేకరణ మొదలుపెట్టేవారికి నా మొదటి సలహా ఇది. డబ్బా మీద అక్షరాన్ని చూసి కొనకండి, కొలిచి కొనండి. ఇటలీలో రివరొస్సి కంపెనీ ఒకప్పుడు హెచ్.ఓ. పేరుతోనే 80వ వంతు ఇంజన్లు అమ్మింది. పాత వస్తువులు కొనేటప్పుడు ఇలాంటివి ఎదురవుతూనే వుంటాయి. లెక్క సులభం. అసలు ఇంజను పొడవుని మిల్లీమీటర్లలో రాసుకుని బొమ్మ పొడవుతో భాగించండి. వచ్చిన అంకే స్కేలు. మన డబ్ల్యు.డి.ఎం.2 డీజిలు ఇంజను వుంది చూశారూ, అమెరికా ఆల్కో కంపెనీ నమూనాతో 1962లో వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారై, కాజీపేట, గుత్తి షెడ్లలో ఏళ్ల తరబడి మన రైళ్లని లాగినది. దాని పొడవు బఫర్లతో సహా 17.12 మీటర్లు. హెచ్.ఓ. అయితే బొమ్మ 197 మి.మీ. వుండాలి. ఓ.ఓ. అయితే 225, ఎన్ అయితే 107, జెడ్ అయితే 78. మీ చేతిలో వున్నది 210 వుంటే అది రెండింటికీ చెడిన రేవడి.

ఇప్పుడు మూడో ఉత్తరానికి వద్దాం. మన ఇంజను ఏ సైజులో తీసుకోవాలి? ఇక్కడ మనకి ప్రత్యేకమైన చిక్కు ఒకటి వుంది. ఈ నమూనా పట్టాలన్నీ 1435 మి.మీ. గేజి దేశాల వాళ్లు తమకోసం తయారుచేసుకున్నవి. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ., పాత లెక్కలో అయిదడుగుల ఆరంగుళాలు. దాన్ని 87వ వంతు చేస్తే 19.3 మి.మీ. రావాలి. దొరికే పట్టా 16.5. ఎన్ లో 10.5 రావాలి, దొరికేది 9. రెండింటిలోనూ పట్టా రమారమి నూటికి 14 పాళ్లు ఇరుకు. ఓ.ఓ.లో అయితే సరిగ్గా 22 రావాలి, దొరికేది 16.5. అంటే ముప్పాతిక వంతే. కనుక ఈ మూడింటిలో మన బ్రాడ్ గేజి రైలుకి ఓ.ఓ. ఎక్కువ దూరం.

ఇంతటి తేడా కంటికి తెలుస్తుందా అంటారేమో. తెలుస్తుంది. పెరంబూరు ఐ.సి.ఎఫ్. పెట్టె వెడల్పు 3245 మి.మీ., అంటే పట్టాల ఎడానికి రెండు రెట్ల లోపే. అదే పెట్టెని హెచ్.ఓ.లో చేసి 16.5 పట్టా మీద పెడితే రెండుంపావు రెట్లు అవుతుంది. పెట్టె ఒళ్లు పక్కలకి వేలాడినట్టు, కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడినట్టు కనిపిస్తుంది. మన మిత్రుడొకాయన కిందటేడు సెలవులకి వెళ్లినప్పుడు ఎనిమిదేళ్ల కూతుర్ని పనిగట్టుకుని విజయవాడ స్టేషనుకి తీసుకువెళ్లాడు. ఆ పిల్ల అప్పటి దాకా చూసిన రైలు ఇంట్లో బల్ల మీద వున్నదొక్కటే. ప్లాట్ ఫారం అంచుకి దూరంగా నిలబడి, ఎదుటి లైన్లో ఆగిన బండిని కాసేపు చూసి, "నాన్నా, ఈ రైలు కాళ్లు ఎడంగా పెట్టుకుని నుంచుందేం?" అన్నదట. గేజి అన్న మాట తెలియని పిల్ల కన్ను ఆ 14 పాళ్లనీ పట్టేసింది. పిల్లలకి ఇవేం తెలుస్తాయిలే అనుకునేవాళ్లం ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇంట్లోనే చేసుకోగల చిన్న పరీక్ష ఒకటి చెబుతాను. మన బ్రాడ్ గేజి అయిదడుగుల ఆరంగుళాలు అంటే ఓ మోస్తరు మనిషి ఎత్తు. కనుక సరైన కొలతలో వున్న మనిషి బొమ్మని పట్టాల మధ్య అడ్డంగా పెడితే తల ఒక పట్టాకీ, పాదాలు రెండో పట్టాకీ తగలాలి. హెచ్.ఓ. మనిషి బొమ్మని పెట్టి చూడండి, పట్టదు. ఈ పరీక్షలో సరిగ్గా నెగ్గే కొలత ఒకటుంది. అడుగుకి 3 మిల్లీమీటర్లు. అయిదున్నర మూళ్లు పదహారున్నర! అంటే ట్రయాంగ్ వాళ్ల పాత టి.టి. కొలతలో ఒళ్లు తయారుచేసి, మామూలు హెచ్.ఓ. పట్టా మీద నిలబెడితే, మన బ్రాడ్ గేజి వెంట్రుకవాసి తేడా లేకుండా వస్తుంది. బ్రిటన్ లో ఆ 3 మి.మీ. కొలతలో పనిచేసే అభిమానుల సంఘం వుంది కనుక మనుషులు, ఇళ్లు, చిల్లర సామాను వెతికితే దొరుకుతాయి. ఇంజను ఒళ్లు మాత్రం చేత్తో చేసుకోవలసిందే. డబ్ల్యు.డి.ఎం.2 అయితే 168 మి.మీ. పొడవు. అట్టతో, పలచటి ప్లాస్టిక్ రేకుతో పనిచేసే ఓపిక వున్నవారికి ఇంతకంటే నిక్కమైన దారి లేదు.

అంత ఓపిక అందరికీ వుండదు, వుండాలనీ లేదు. కొన్న నమూనాలతో సరిపెట్టుకునేవారు హెచ్.ఓ. గాని, ఎన్ గాని ఎంచుకోండి. పట్టా ఇరుకని తెలిసే ఎంచుకోండి. ఇందులో మనం ఒంటరివాళ్లం కాదు. స్పెయిన్ లో పెద్ద లైన్ల గేజి 1668 మి.మీ., ఐర్లండ్ లో 1600. వాళ్ల ఇంజన్ల నమూనాలు కూడా అదే 16.5 పట్టా మీద అమ్ముతారు, వాళ్లూ కొంటారు. జపాన్ వాళ్లది తిరగేసిన కథ. అక్కడి పాత లైన్ల గేజి 1067 మి.మీ. మాత్రమే, కనుక వాళ్ల ఎన్ రైళ్ల కింద పట్టా మరీ ఎడం. తెలిసి ఒప్పుకున్న రాజీ వేరు, తెలియక మోసపోవడం వేరు. ముఖ్యం ఏమంటే, ఒకసారి స్కేలు ఎంచుకున్నాక ఇంజను, పెట్టె, మనిషి, స్టేషను అన్నీ ఆ ఒక్క స్కేలులోనే వుండాలి. ఇరుకు పట్టాని కన్ను కొన్నాళ్లకి క్షమిస్తుంది. ఇంజను కంటే ఎత్తుగా నిలబడ్డ గార్డుని ఎన్నటికీ క్షమించదు.

హెచ్.ఓ.నా, ఎన్ నా అన్నది ఇంటి చోటుని బట్టి తేల్చుకోండి. 1974 ఫిబ్రవరి 1న మొదలై 2024లో యాభై ఏళ్లు నిండిన మన గోదావరి ఎక్స్ ప్రెస్ ని తలుచుకుని, దాని పాత ఐ.సి.ఎఫ్. పెట్టెలతో 18 పెట్టెల రైలు కట్టాలనుకున్నారనుకోండి. పెట్టె బఫర్లతో కలిపి 22.3 మీటర్లు. హెచ్.ఓ.లో ఇంజనుతో సహా రైలే 4.8 మీటర్లు. మన ఫ్లాట్ల హాలు ఈ మూల నుంచి ఆ మూలకి సరిపోతుంది, ఇంక తిరగడానికి చోటుండదు. ఎన్ లో 2.6 మీటర్లు. మలుపుల సంగతీ అంతే. బ్రాడ్ గేజిలో అతి బిగువు మలుపు వ్యాసార్ధం 175 మీటర్లు. హెచ్.ఓ.లో అది 2 మీటర్లు. డబ్బాలో వచ్చే మలుపు పట్టాలు చాలావాటికి 36 సెంటీమీటర్లే. అంటే బొమ్మ రైలు తిరిగే మలుపు అసలు రైలు కలలో కూడా తిరగదు. ఇక దూరాలు తగ్గించడం ఎవరి తరమూ కాదు. సికింద్రాబాదు నుంచి విజయవాడకి 350 కిలోమీటర్లు. హెచ్.ఓ.లో అయినా 4 కిలోమీటర్లు. బహ్లా ఊరి చుట్టూ వున్న పాత గోడ ఒక్కటే సుమారు 12 కిలోమీటర్లు, దాన్ని 87వ వంతు చేసినా 138 మీటర్లు. అందుకని నమూనా కట్టేవాళ్లు దూరాలనీ, మలుపులనీ కుదించుకుంటారు, బండిని మాత్రం కుదించరు. ఈ నియమం పిల్లలకి కూడా చెప్పండి.

మనకి ఇంకో లెక్క కూడా వుంది. ఒమాన్ లో మనలో చాలామందికి ఇది ఉద్యోగం వున్నంత కాలపు కాపురం. ఏదో ఒక సంవత్సరం సామాను కట్టుకుని బయలుదేరాలి. ఆనాడు విమానంవాళ్లు ఇచ్చే కిలోల్లో ఈ ఇంజన్లు కూడా ఇమడాలి. ఒకే ఇంజను హెచ్.ఓ.లో ఆక్రమించే చోటు ఎన్ లో ఆరు ఇంజన్లకి సరిపోతుంది. చేతిసంచిలో పట్టే సేకరణ మనతో వస్తుంది. అటక నిండా వున్న సేకరణ ఎవరికో ఇచ్చేసి రావలసి వస్తుంది. ఇల్లాళ్లు ఈ వాక్యం కింద గీత గీస్తారని నాకు తెలుసు.

రెండో ఉత్తరం మిగిలింది. స్కేలూ, గేజీ రెండూ కలిసినా ఇంజను కదలకపోవడానికి కారణం కరెంటు. హెచ్.ఓ.లో ఎక్కువమంది తయారుచేసేవి రెండు పట్టాల పద్ధతి. ఒక పట్టా ధనం, ఒక పట్టా రుణం, 12 వోల్టుల డి.సి. జర్మనీ మార్క్లిన్ కంపెనీ హెచ్.ఓ. మాత్రం మూడు దారుల పద్ధతి. పట్టాల మధ్యన వరసగా వుండే చిన్న మొనల నుంచి కరెంటు వస్తుంది. రెండు పట్టాలూ ఒకటిగా కలిసి వుంటాయి. కనుక మామూలు ఇంజను దాని మీద నడవదు. ఆ ఇంజనుని మామూలు పట్టా మీద పెడితే చక్రాలు రెండు పట్టాలనీ కలిపి షార్టు చేస్తాయి. అమెరికా లయొనెల్ ఓ సైజు సెట్టులో కూడా మధ్యన మూడో పట్టా వుంటుంది. ఇంకో మాట. అమెరికా సెట్టుతో వచ్చే పాత పవర్ డబ్బా 120 వోల్టులది. మన ఇళ్లల్లో వచ్చేది 240. ప్లగ్గు మార్చి పెట్టేసి స్విచ్చి వేయకండి. డబ్బా వెనకాల ఏం రాసి వుందో చూసి, అవసరమైతే వోల్టేజి తగ్గించే ట్రాన్స్ ఫార్మర్ తెచ్చుకోండి.

బహ్లా ఎండా దుమ్మూ తట్టుకోవడం గురించి కూడా నాలుగు మాటలు. ఎండాకాలంలో కారు డిక్కీలో ఇంజను వుంచితే ప్లాస్టిక్ ఒళ్లు వంకరపోతుంది, తరవాత ఏం చేసినా తిన్నగా కాదు. గాలిదుమారం వచ్చిన రోజు పళ్లచక్రాల్లో చేరే సన్నటి ఇసుకకి నూనె తోడైతే అది ఆకురాయిలా అరగదీస్తుంది. కాబట్టి నూనె బొట్టులో బొట్టు, అదీ తుడిచాకే. పాత డబ్బాల్లో వుండే స్పాంజి ఏళ్లు గడిస్తే కరిగి రంగుకి అంటుకుంటుంది, దాన్ని తీసేసి మెత్తటి కాగితం చుట్టండి. చాలా పాత లోహపు ఇంజన్లు కొనేముందు భూతద్దంతో ఒళ్లంతా చూడండి. జస్తం మిశ్రమంలో సీసం లాంటి మలినం కలిస్తే, కొన్నేళ్లకి పోత ఉబ్బి, బీటలు వేసి, బెల్లం గడ్డలా చిట్లిపోతుంది. దానికి మందు లేదు. సన్నటి బీట కనిపిస్తే ఎంత చవక అయినా వదిలేయండి.

బ్రాడ్ గేజి గురించి ఇంత చెప్పాక, మనవాళ్ల రైళ్లలో కొన్న పట్టా మీద సరిగ్గా కూర్చునేది ఏదైనా వుందా అని మీకు అనిపించవచ్చు. మాచర్ల వైపు వాళ్లు తమ పాత గుంటూరు మీటరు గేజి బండిని తలుచుకుంటే, హెచ్.ఓ.లో దాని పట్టా 11.5 మి.మీ. రావాలి. స్విట్జర్లండ్ మీటరు గేజి రైళ్ల కోసం చేసిన 12 మి.మీ. పట్టా దొరుకుతుంది. దగ్గరే. అంతకంటే దగ్గరైనది ఇంకొకటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లో పర్లాకిమిడి రాజావారి పూనికతో వేసిన చిన్న రైలు. 1931లో గుణుపురం దాకా వెళ్లింది. టెక్కలి, పాతపట్నం మీదుగా సాగే ఆ రైలు గేజి 762 మి.మీ., రెండున్నర అడుగులు. దాన్ని 87వ వంతు చేస్తే 8.76 మి.మీ. వస్తుంది. ఎన్ పట్టా 9 మి.మీ. తేడా పావు మిల్లీమీటరు లోపే! అంటే హెచ్.ఓ. కొలతలో ఒళ్లు చేసి, దాని కింద ఎన్ ఇంజను చక్రాలూ, మోటారూ అమర్చి, ఎన్ పట్టా మీద నడిపితే, అది అచ్చంగా నౌపడ రైలే. పక్కన హెచ్.ఓ. మనుషులని నిలబెట్టవచ్చు. ఉప్పు కొటార్లు, తాటిచెట్లు, పెంకుటిల్లు లాంటి స్టేషను, అన్నీ 87వ వంతులో అట్టతో చేసుకోవచ్చు. చిన్న రైలు కనుక మలుపులూ చిన్నవే, నాలుగు పెట్టెలుంటే నిండుగా వుంటుంది. ఒక తలుపు చెక్కంత బల్ల చాలు.

ఆ రైలు ఇప్పుడు లేదు. 2004లో ఆ నారో గేజి ఆగిపోయింది, తరవాత ఆ లైను బ్రాడ్ గేజిగా మారింది. ఊళ్లకి మంచిదే, పెద్ద బండ్లు వచ్చాయి. కాని ఆ చిన్న బండి ఎంత ఎత్తు వుండేదో, గేటు దగ్గర నిలబడ్డ మనిషికి దాని కిటికీ ఎక్కడికి వచ్చేదో కళ్లారా చూసినవారు ఏటేటా తగ్గిపోతారు. మన సంఘంలో శ్రీకాకుళం వైపు వారు కొందరున్నారు. మీలో ఆ రైలెక్కిన వారుంటే, పెట్టెలో బల్లలు ఎలా వుండేవి, మెట్లు ఎన్ని, తలుపు ఎత్తు మీ భుజం దాకానా తల దాకానా, జ్ఞాపకం వున్నంత వరకు రాసి పంపండి. ఇళ్లల్లో పాత ఫోటోలు వుంటే, అందులో ఒక మనిషి నిలబడి వుంటే చాలు. మనిషి ఎత్తుని బట్టి మిగతా కొలతలన్నీ రాబట్టవచ్చు.

సెలవులకి వెళ్లేవారికి ఒక సూచన. పుణేలో 1998లో తెరిచిన జోషీ చిన్న రైళ్ల మ్యూజియంలో హెచ్.ఓ. కొలతలో రైళ్లు నడిపి చూపిస్తారు. ఢిల్లీలో 1977 నుంచి వున్న జాతీయ రైలు మ్యూజియంలో అసలు ఇంజన్లే పక్కపక్కన నిలబెట్టారు. బ్రాడ్ గేజి ఇంజను పక్కన నారో గేజి ఇంజనుని ఒకే చూపులో చూస్తే పిల్లలకి ఈ నెల నేను పేజీలు నింపి చెప్పినది ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. అంత దూరం వెళ్లలేనివారు మీ ఊరి స్టేషనుకే ఒక సాయంత్రం తీసుకువెళ్లండి. ప్లాట్ ఫారం టిక్కెట్టు కొని, వెనక్కి నిలబడి, బండి ఆగాక పెట్టె పక్కన పిల్లవాణ్ణి నిలబెట్టి, తలుపు హాండిల్ ఎంత ఎత్తున వుందో చూపించండి. తిరిగి వచ్చాక బల్ల మీద బొమ్మకి అదే కొలత వుందో లేదో వాళ్లే చెబుతారు.

వచ్చే నెల సంచికకి ముందు మీ దగ్గరున్న ఇంజన్ల పొడవు కొలిచి, డబ్బా మీద ఏ అక్షరం వుందో, లెక్కకి ఏ అంకె వచ్చిందో ఒక కార్డు మీద రాసి పంపితే అందరి వివరాలూ కలిపి ఒక పట్టిక వేద్దాం. ఏ స్కేలు ఎవరింట్లో వుందో తెలిస్తే పెట్టెలు, పట్టాలు ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఒకరింట్లో ఇమడని 18 పెట్టెల రైలు నాలుగు కుటుంబాలు కలిస్తే మన వార్షికోత్సవం నాడు హాల్లో నడవవచ్చు. స్కేలు మాత్రం ఒక్కటే వుండాలి సుమా!

సెలవు.